మా ఆయన బేరం మానేసిన ఏడాది

మొగుడి వెనక మనిషిని పెట్టించిన ఆడది మా లక్సెట్టిపేటలో నాకు తెలిసి నేనొక్కదాన్నే. అదీ సగం ధరకు. ఆటో ఖాజా వారానికి వెయ్యి అడిగాడు. "మా ఆయన పొయ్యేది బజారుకు, బొంబాయికి గాదు" అని ఐదు వందలకు దించాను. పైగా వచ్చేటప్పుడు మా ఇంటికి బియ్యం బస్తా కూడా వేసుకురావాలని షరతు పెట్టాను. వేసుకొచ్చాడు. ఆ వారం నాకున్నంత గర్వం కలెక్టరుకు కూడా ఉండి ఉండదు.

ఆయనను అప్పుడు తీసుకుపోవాల్సింది డాక్టర్ దగ్గరికి. నేను ఆయన వెంట ఆటో పంపాను.

మా ఆయనకు డిమెన్షియా ఉందని ఇప్పుడు మా బజారంతా తెలుసు. దాచి లాభం లేదు కాబట్టి రాస్తున్నాను. ఎవరింట్లోనైనా ఓ మనిషి ఈమధ్య కొంచెం మారినట్టు అనిపిస్తుంటే, నాలాగా తప్పుడు లెక్క కట్టకుండా ఉంటారేమోనని ఆశ.

మా పుట్టింటివాళ్లది హుస్నాబాద్‌లో కిరాణా దుకాణం. బాపు గల్లా పక్కన కూర్చునే నేను లోకం నేర్చుకున్నాను. మా ఇంట్లో బేరం అంటే పైసల కోసం చేసే పని మాత్రమే కాదు, మనిషికిచ్చే మర్యాద. "బేరం లేకుంట ఇచ్చిండంటె, వాడు నిన్ను తన మనిషనుకున్నడన్నా ఉండాలె, నీతోని మాట్లాడుడే దండుగ అనుకున్నడన్నా ఉండాలె" అనేవాడు బాపు. నన్ను చూడడానికి వచ్చిన రోజు మా ఆయన చాయ్ తాగి ఊరుకోకుండా దుకాణంలోకి పోయి బెల్లం ధర అడిగాడు. బాపు చెప్పాడు. ఈయన తగ్గించమన్నాడు. బాపు మొఖం ఎర్రబడింది. పెళ్లిచూపులకొచ్చినవాడు బెల్లం బేరమాడడమేంటని మా అవ్వ లోపల తల కొట్టుకుంది. నేను మాత్రం తలుపు వెనక నిలబడి, వీడైతే బతుకుతాడు అనుకున్నాను.

అట్లాంటి మనిషి పెట్టిన బట్టల దుకాణం ఎట్లా నడిచేదో ఊహించుకోండి. చీర చూపించేవాడు, ధర చెప్పేవాడు, వాళ్లు సగం అడిగితే ఛాతీ మీద చెయ్యి పెట్టుకునేవాడు. చీర మడిచి లోపల పెట్టేసేవాడు. వాళ్లు చెప్పులు తొడుక్కునేదాకా ఆగి, "చెల్లె, ఇటు రా. నీ మాట నా మాట కాదు, నడుమ మాట" అని పిలిచేవాడు. నేను ఓ మూల స్టూలు మీద కూర్చుని చూసేదాన్ని. సినిమాకు పోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.

ఏదో తేడాగా ఉందని నాకు అనిపించిన రోజు బతుకమ్మ సీజన్లో వచ్చింది. దుకాణం నిండా జనం. మా ఎదురుగా మ్యాచింగ్ సెంటర్ నడుపుకునే రమాదేవి చీర కోసం వచ్చింది. భర్త పోయిన తర్వాత ఆ జాకెట్ ముక్కలు, ఫాల్స్ అమ్ముకుంటూ పిల్లను చదివిస్తోంది. నాకంటే పదేళ్లు చిన్నది. నవ్వితే బుగ్గమీద సొట్ట పడుతుంది. ఆ సొట్ట నాకు మొదటినుంచీ నచ్చదు.

మా ఆయన చీరకు పద్నాలుగు వందలు చెప్పాడు.

"తొమ్మిది వందలకు ఇయ్యన్నా" అంది రమాదేవి.

నేను స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాను. ఇప్పుడు ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంటాడు. పెట్టుకోలేదు. ఆమె మొఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. "సరే తియ్యి, నీ ఇష్టం" అన్నాడు.

రమాదేవి కూడా ఆశ్చర్యపోయింది. బేరమాడే మనిషికి మొదటి మాటకే చీర దొరికితే మనసులో కలుక్కుమంటుంది, ఇంకా తక్కువ అడగాల్సింది అని. నాకు మాత్రం కలుక్కుమన్నది వేరే చోట. బాపు చెప్పిన రెండిట్లో ఇది మొదటిదే అనుకున్నాను. తన మనిషి.

అన్నా అని పిలిచింది కదా అంటారేమో. నేను కూడా కూరగాయలవాడి నుంచి బంగారం కొట్టు సేటు దాకా బేరమాడేటప్పుడు అందరినీ అన్నా అనే పిలుస్తాను. ఆ పిలుపుకు ఎంత విలువో నాకు తెలుసు.

ఒకసారి అనుమానం గట్టిపడితే ప్రతి చిన్న విషయం సాక్ష్యంగా వచ్చి నిలబడుతుంది. దుకాణంలో 'ఒకటే ధర' అని బోర్డు పెట్టించాడు. అట్లాంటి బోర్డు మా బజారులో అప్పటిదాకా ఎవరికుంది? రమాదేవికి. ఎవరు నేర్పారో తెలిసిపోయింది కదా. రాత్రి అన్నం తినేటప్పుడు ఆ రోజు బేరాలన్నీ నటించి చూపించే మనిషి, "ఎవలెవలొచ్చిండ్రు ఇయ్యాల?" అని అడిగితే, "వచ్చిండ్రు, అందరొచ్చిండ్రు" అని కంచంలోకి చూసేవాడు. మంచిర్యాలలో టీచరుగా చేసే మా కూతురు స్వాతి ఫోన్ చేసిందా అని అడిగేవాడు. చేసిందని చెప్పేదాన్ని. చెయ్యి కడుక్కొచ్చి మళ్లీ అదే అడిగేవాడు. మనసు ఇంకోచోట ఉన్నవాడికి ఇంటి మాటలు చెవికెక్కుతాయా అని లోలోపల ఉడికిపోయేదాన్ని. అడిగినదానికి జవాబు చెప్పేముందు నా మొఖం చూసేవాడు, పరీక్షలో పక్కవాడి పేపరు చూసినట్టు. తప్పు చేసిన కళ్లు ఇట్లాగే ఉంటాయి అనుకున్నాను.

మరుసటి ఏడు వానాకాలంలో ఓ రోజు ఆయన అంగీలు సర్దుతుంటే అల్మారా అడుగున జాకెట్ ముక్కలు కనబడ్డాయి. ఒకటి కాదు, ఓ కట్ట. దాదాపు అన్నీ చిలకాకుపచ్చ. నాకు ఆ రంగు పడదు, ఆయనకు తెలుసు. నేను వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. కొత్త గుడ్డ వాసనే వచ్చింది. అయినా ఊరుకోలేదు.

అప్పుడే ఖాజాను పిలిచి బేరం కుదుర్చుకున్నాను.

వారం తిరిగేసరికి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. మొఖం నిండా పరేషానే.

"అమ్మా, నాకు గీ పని వద్దమ్మా. సేటు ఎవ్వరితోని మాట్లాడ్తలేడు. చౌరస్తాల నిలవడుతుండు. గిటు జూస్తుండు, గటు జూస్తుండు. అగో, అర్ధగంట గట్లనే. నేను ఆటో బంద్ వెట్టుకొని కూసుంటున్న."

"తర్వాత?"

"తర్వాత మ్యాచింగ్ సెంటరుకు పోతుండు. జర్రసేపు నిలవడి ఇంటిదిక్కు వస్తుండు."

"అగో, అసలు ముచ్చట గదీ! గది చెప్పవేందిరా ముందు?"

"ఇంకోటి ఉందమ్మా. మొన్న సీదా నా ఆటో తానికే వచ్చిండు. 'తమ్మీ, బట్టల బజారుకు ఎటు పోవాలె?' అన్నడు. నేను ఖాజాను సేటూ, మీ గల్లీ ఖాజాను అన్న. నవ్విండు. నాకు బుగులైంది."

వాడికైన భయం, ఆ బుగులు, నాకు కాలేదు. పక్కా వ్యాపారికి ఏం తోస్తుందో అదే తోచింది. వెనక మనిషి ఉన్నాడని పసిగట్టాడు, తెలియనట్టు నటిస్తున్నాడు! చీర మడిచి లోపల పెట్టేసే మనిషికి ఇది ఓ లెక్కా? ఖాజా ఐదు వందలకు నా చేతిలో పెట్టింది డాక్టర్ చెప్పాల్సిన మాట. నేను అడిగిన సరుకు ఇది కాదని పక్కన పడేశాను. పైగా తెలివి లేకుండా దొరికిపోయావంటూ వాడినే తిట్టాను.

మరుసటి రోజు పొద్దున్నే మ్యాచింగ్ సెంటర్ మెట్లెక్కాను. జాకెట్ ముక్కల కట్ట కౌంటరు మీద విసిరికొట్టాను. ఇద్దరు ఆడవాళ్లు ఫాల్స్ చూసుకుంటున్నారు. ఉంటే ఉండనీ అనుకున్నాను.

"నా మొగనికి ఆకుపచ్చ జాకెట్లు కుట్టిచ్చుకునే షోకు ఎప్పటి సంది వచ్చిందే?"

రమాదేవి ఆ ఇద్దరిని చూసి, "జర పది నిమిషాలాగి రాండ్రమ్మా" అని పంపేసి షట్టరు సగం దించింది. ఏడుస్తుందనుకున్నాను, లేదా ఎదురు తిరుగుతుందనుకున్నాను. నాకు స్టూలు వేసింది.

"కూసో అక్కా. అన్న నా కోసం వస్తలేడు. ఇంటికి తొవ్వ అడగనీకి వస్తుండు."

నాకు అర్థం కాలేదు.

"తొవ్వ మర్చిపోతుండక్కా. ఉత్తగ అడగనీకి సిగ్గు. అందుకే జాకెట్ ముక్క తీసుకుంటుండు. తీసుకొని, పైసలిచ్చి, అప్పుడు మెల్లగ అడుగుతుండు, 'మా ఇల్లు గీ గల్లీల్నేనా, అవతలి గల్లీలనా' అని. ఆకుపచ్చ కట్ట ముందట ఉంటది. గందుకే అన్నీ అదే రంగు."

"ఎప్పటి సంది?"

"మొన్నటి ఎండాకాలం నుంచి."

"మరి నాకు చెప్పవా? ఎదురుంగ ఉండి చెప్పవా?"

"ఒట్టు వేయించుకున్నడక్కా. నేను అన్న, 'అక్కకు చెప్పన్నా, దవఖానకు తీస్కపోతది' అని. ఏమన్నడో చెప్పుమంటవా?"

చెప్పమన్నాను.

"'మా ఆమె డ్యామేజీ పీసును చూసిందంటే వాపస్ పంపిచ్చేదాక నిద్రపోదు' అన్నడు."

నిజమే. సూరత్ నుంచి వచ్చిన కట్టల్లో నూలు జారిన చీర ఎక్కడున్నా నా చెయ్యి పోయి దాని మీదే పడుతుంది. ఆయన నన్ను మెచ్చుకుంటూ అందరికీ చెప్పే మాటే అది. అదే మాట భయంగా మారి ఇంకో ఆడదాని ముందు బయటికి వచ్చింది.

అప్పుడు నాకు వచ్చింది దుఃఖం అని రాస్తే బాగుంటుంది. కాదు, ముందు వచ్చింది కుళ్లే. ఆమెతో సంబంధం ఉందంటే జుట్టు పట్టుకునేదాన్ని. నాతో చెప్పని మాట ఆమెతో చెప్పాడంటే ఏం పట్టుకోవాలి? రమాదేవి మాట నమ్మకూడదని గట్టిగా అనుకుని లేచాను. కథలల్లుతోంది, నేనే తేల్చుకుంటాను అనుకున్నాను.

తేల్చుకునే పద్ధతి నాకు ఒకటే తెలుసు. మధ్యాహ్నం జనం లేని వేళ దుకాణానికి పోయి, స్టూలు మీద కాకుండా చీరలు పరిచే పరుపు ముందు కస్టమర్లు కూర్చునే చోట కూర్చున్నాను.

"ఏందే గాడ కూసున్నవ్?" అన్నాడు నవ్వుతూ.

"చీర చూపియ్యి. గా వంకాయరంగుది."

తీసి పరిచాడు. చేతులు ఏమీ మర్చిపోలేదు. ఒక్క విసురుతో కొంగు నా ముందు పడింది.

"ఎంత?"

"పన్నెండు వందలు."

"ఆరు వందలకు ఇయ్యి."

పెళ్లయినప్పటినుంచి మేం సరదాకు ఇట్లా ఆడుకునేవాళ్లం. ఆరు వందలంటే ఆయన నా పుట్టింటిని తిట్టాలి. "హుస్నాబాదోళ్లు దేవునికి కొబ్బరికాయ గూడ సగం ధరకే కొడ్తరు" అనాలి. నేను లేవాలి. ఆయన పిలవాలి.

ఆయన నోరు తెరిచాడు. ఆగాడు. చీర వంక చూశాడు, నా వంక చూశాడు. నేను ఏమడిగానో, తను ఎంత చెప్పాడో, ఆ రెండింటి నడుమ ఏం చెయ్యాలో వెతుకుతున్నాడు. కింద పడ్డ సూది కోసం వెతికినట్టు కళ్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"నీ ఇష్టమే, విజయా" అన్నాడు చివరికి. "ఎంతిస్తవో ఇయ్యి. తీస్కపో."

ఇన్ని నెలలూ ఆ మాట రమాదేవికి దక్కిందని కాలిపోయాను. ఇప్పుడు నాకూ దక్కింది. ఆ చీర ఇప్పటిదాకా కట్టలేదు.

స్వాతికి ఫోన్ చేశాను. రెండు రోజుల్లో కరీంనగర్‌లో న్యూరాలజీ డాక్టర్ దగ్గర కూర్చున్నాం. డాక్టర్ ఆయనను ఏ నెల, ఏ వారం అని అడిగాడు. నేను జవాబు చెప్పబోయాను. "అమ్మా, మీరు చెప్పకండి. ఆయన్నే చెప్పనివ్వండి" అన్నాడు. మూడు వస్తువుల పేర్లు చెప్పి, తర్వాత అడుగుతాను గుర్తుపెట్టుకోండి అన్నాడు. వంద లోంచి ఏడు తీసేయండి అన్నాడు.

మా ఆయన నవ్వాడు. "మా దుకాణంల ఏడు తీసేసుడు లేదు డాక్టర్ సాబ్. తీసేస్తే ఐదన్న, పదన్న."

నేనూ స్వాతీ ఫక్కున నవ్వాం. డాక్టర్ కూడా నవ్వాడు కానీ ఏదో రాసుకున్నాడు. తర్వాత నాతో అన్నాడు: "హుషారైన మనుషులు జోకు వేసి తప్పించుకుంటారమ్మా. ఇంట్లోవాళ్లు నవ్వి వదిలేస్తారు. అందుకే లేటవుతుంది." గడియారం బొమ్మ గీయమంటే అంకెలన్నీ ఒకే పక్కకు వచ్చి కూర్చున్నాయి. ఆ మూడు వస్తువుల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

అప్పుడు డాక్టర్ నన్ను అడిగాడు. "మొదటి మార్పు ఎప్పుడు గమనించారు? దారి తప్పడం ఎప్పుడు మొదలైంది? మెల్లగా వచ్చిందా, ఒక్కసారిగా వచ్చిందా? ఈ హిస్టరీ చాలా ముఖ్యం."

ముప్పై ఏళ్లు దాటిన కాపురం. కారిడార్‌లోకి పోయి రమాదేవికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి డాక్టర్ ముందుకు తెచ్చాను. ఆమె పూసగుచ్చినట్టు చెప్పింది. మొదట చిల్లర దగ్గర తడబడ్డాడని, తర్వాత బేరం మానేశాడని, తర్వాత తొవ్వ అడగడం మొదలుపెట్టాడని. ప్రతి మాటకూ డాక్టర్ తల ఊపుతూ "గుడ్, వెరీ గుడ్" అంటున్నాడు. "పేషెంటుకు ఈమె ఏమవుతారు?" అని అడిగాడు. "ఎదురు దుకాణం" అన్నాను. ఆ రెండు మాటలు నా పంటి కిందనుంచి ఎట్లా వచ్చాయో నాకే తెలుసు.

ఎంఆర్ఐ తీశారు, థైరాయిడ్, బీ12, షుగర్ అన్నీ చూశారు. "బీ12 తక్కువ ఉంది, ఇంజెక్షన్లతో సరిచేద్దాం. కానీ అసలు కారణం అదొక్కటే కాదు. ఇది ఎర్లీ స్టేజ్ అల్జైమర్స్ లాగా ఉంది" అన్నాడు డాక్టర్. డొనెపెజిల్ అనే మాత్ర రాశాడు. "దీంతో తగ్గిపోతుందా?" అంటే, "తగ్గించే మందు కాదమ్మా. కొన్నాళ్లు నిలబెట్టడానికి" అన్నాడు. మా ఆయన అంతా విని, "గ్యారంటీ లేని సరుకా?" అన్నాడు. ఈసారి మేం నవ్వలేదు.

ఇంటికి వచ్చే దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. గోదావరి కనబడ్డప్పుడు, "నన్ను దుకాణంల కూసోనియ్యవా ఇగ?" అని మెల్లగా అడిగాడు. అన్ని నెలలూ ఆయన మోసిన భయం అదేనని అప్పుడు తెలిసింది. దుకాణం పోతుందని, నేను తప్పించేస్తానని.

"నువ్వు కూసోక ఎవడు కూసుంటడయ్యా? ధర నేను చెప్త, చీర నువ్వు పరువు" అన్నాను.

మొదట మందు కడుపులో తిప్పేది, అన్నం సహించేది కాదు. డాక్టర్ డోసు తగ్గించి మెల్లగా పెంచాడు. తర్వాతి దెబ్బ నా చేతులారా కొట్టుకున్నదే. ఆయనకు నిద్ర పట్టడం లేదని, డాక్టర్ దగ్గరికి మళ్లీ కరీంనగర్ పోవడం దండుగ ఖర్చని, పక్క మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్ర తెచ్చి వేశాను. పొద్దున లేచి బాత్రూం ఎక్కడో తెలియక గోడ పట్టుకు తిరిగాడు, జారి పడ్డాడు. మోచెయ్యి వాచింది. రెండు రోజులు స్వాతిని చూసి "ఎవలు బిడ్డా నువ్వు?" అన్నాడు. డాక్టర్ ఫోన్లోనే గట్టిగా మందలించాడు. "ఈ జబ్బులో ఏ మాత్రైనా నన్ను అడగకుండా వేయొద్దు. చిన్న నిద్రమాత్ర కూడా తికమక పెంచుతుంది." ఆపేశాక కొంత కోలుకున్నాడు, స్వాతిని గుర్తుపట్టాడు. పూర్తిగా మునుపటిలా మాత్రం కాలేదు.

ఇప్పుడు రోజులు ఇట్లా గడుస్తున్నాయి. పొద్దున ఇద్దరం కలిసి దుకాణం తెరుస్తాం. ఆయన చీరలు పరుస్తాడు. ఆ విసురు ఇంకా అట్లాగే ఉంది. 'ఒకటే ధర' బోర్డు తీసేశాం, బేరం నేనాడతాను. నేను మరీ గట్టిగా బిగిస్తే, "ఇచ్చెయ్యవే, పాపం" అంటాడు, జనం నవ్వుతారు. బయటికి పోయి తప్పిపోతే ఎవరికైనా కనబడాలని ఆయన అంగీల జేబులకు నా ఫోన్ నంబరు కుట్టాలనుకున్నాం. రమాదేవి కుట్టిస్తానంది, ఆమె దగ్గర మిషనుంది, నీటుగా వస్తుంది. వద్దన్నాను. నేనే చేత్తో కుట్టాను. ఎనిమిది అంకె మూడులాగా కనబడింది. స్వాతి విప్పి మళ్లీ కుట్టమంది. విప్పి మళ్లీ నేనే కుట్టాను.

సాయంత్రాలు ఆయన రోడ్డు దాటి మ్యాచింగ్ సెంటరులో కాసేపు కూర్చుంటాడు. అక్కడ మొఖం తేటగా ఉంటుంది. ఆ కాసేపు నేను గల్లా చూసుకుంటున్నట్టు నటిస్తూ అటే చూస్తుంటాను. రమాదేవి తన చాయ్‌లో సగం ఆయనకు పోస్తుంది. "రా వదినె, నీకూ పోస్త" అని పిలుస్తుంది. అక్కా అనడం మానేసి వదినె అంటోంది ఈమధ్య. పోతాను కొన్నిసార్లు.

చదివేవాళ్లకు నా తరఫున ఒకటే మాట. తాళంచెవి ఎక్కడ పెట్టారో మర్చిపోయారా అని చూడకండి, అది అందరం మర్చిపోతాం. ఆ మనిషికి దేంట్లో పేరుందో అక్కడ చూడండి. కూర బాగా వండే మనిషి ఉప్పు తప్పుతోందా, కబుర్లు చెప్పే మనిషి నడుమ ఆగిపోతోందా, బేరగాడు బేరం మానేశాడా. అట్లాంటిది కనబడితే కారణం మీరే కట్టకండి, తగవు పెట్టుకోకండి. పక్కన కూర్చుని, "నీకేమన్నా బుగులైతుందా?" అని అడగండి. జవాబు ఏదైనా సరే, ఆ వారమే డాక్టర్ దగ్గరికి తీసుకుపొండి.

ఇక నా బిల్లు. డాక్టర్ నన్ను ఓదార్చాడు: "ఏడాది ముందు తెచ్చినా జబ్బు ఆగేది కాదమ్మా." అది ఆయన ఇచ్చిన డిస్కౌంటు. నేను తీసుకోలేదు. జబ్బు ఆగకపోయేది, కానీ చౌరస్తాలో నిలబడి ఇల్లు ఎటో వెతుక్కునే మనిషి ఇంటికి వచ్చి నాకు చెప్పి ఉండేవాడు. మేం ఇద్దరం ముందే కూర్చుని, ఆయనకు ఇంకా అన్నీ తెలుస్తున్నప్పుడే, దుకాణం ఎట్లా, ఎవరికి ఏం చెప్పాలి అని మాట్లాడుకునేవాళ్లం. ఆ మాటలు పోయాయి. మిగిలింది: ఇప్పుడు బుగులైతే నా కొంగు పట్టుకుంటాడు. అది నాకు వచ్చింది, తక్కువ కాదు. రమాదేవి మీద కుళ్లు పోయిందా అంటే పోలేదు. ఆమె మంచిది, అందుకే పోదు. ఆయన భయపడ్డ ఆ మొదటి ఏడాది ఆమెదే. ఎంతిచ్చినా తిరిగి కొనలేను. ఆయనకు అది గుర్తు కూడా లేదు. దాన్ని గుర్తుపెట్టుకోవాల్సింది మేం ఇద్దరం ఆడవాళ్లమే.